మేరీ ఆన్ షాడ్ కేరీ: పరదేశమునకు వలస వచ్చి పత్రిక స్థాపించిన స్త్రీ

శతవార్షికోత్సవ సంచికలలో మనము సాధారణముగా చూచునది పేర్ల పట్టికలు. ఎవరు ఏ సంవత్సరమున వచ్చిరి, ఎవరు ఏ కట్టడమునకు శంకుస్థాపన చేసిరి, ఎవరి తరువాత ఎవరు పదవి స్వీకరించిరి అన్న వివరములు అందులో ఉంటాయి. అవి అవసరమే. అయితే పేరు రాతిపై చెక్కబడనివారు ఎందరో పని చేయకపోతే ఏ సంస్థయు నూరేండ్లు నిలువదని మన అందరికీ తెలుసు. అందువలన ఈ సంచికకు వ్యాసము వ్రాయవలసి వచ్చినప్పుడు, తన పేరు తన పత్రిక మీద వేసుకొనుటకే వెనుకాడవలసి వచ్చిన ఒక స్త్రీ చరిత్రను సంఘస్థుల ఎదుట ఉంచుట మంచిదని మేము తలంచాము. ఆమె మన దేశస్థురాలు కాదు, మన మిషను చరిత్రకు చెందినదియు కాదు. కాని ఆమె జీవితములో మిషనరీ సొసైటీలు, పాదిరులు, పాఠశాలలు, విరాళములు, తగవులు అన్నీ ఉన్నాయి. సంఘ వ్యవహారములు ఎరిగినవారికి ఈ కథ కొత్తగా తోచదు.

ఆమె పేరు మేరీ ఆన్ షాడ్. వివాహానంతరము మేరీ ఆన్ షాడ్ కేరీ. ఉత్తర అమెరికా ఖండమున వార్తాపత్రికను స్థాపించి నడిపిన మొదటి నల్లజాతి స్త్రీగా చరిత్రకారులు ఆమెను గుర్తిస్తున్నారు.

పుట్టిన ఇల్లు

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని డెలావేర్ రాష్ట్రమందు విల్మింగ్టన్ పట్టణములో 1823వ సంవత్సరము అక్టోబరు 9వ తేదీన ఆమె జన్మించింది. తండ్రి అబ్రహాం షాడ్, తల్లి హారియెట్. పదముగ్గురు బిడ్డలలో మేరీ ఆన్ పెద్దది. డెలావేర్ ఆనాడు బానిసత్వము చట్టబద్ధముగా ఉన్న రాష్ట్రము. అయితే షాడ్ కుటుంబము బానిసలు కారు, స్వతంత్రులైన నల్లవారు. తండ్రి వృత్తి చెప్పులు కుట్టుట. ఆ వృత్తితోనే అంత పెద్ద కుటుంబమును గౌరవముగా పోషించాడు.

ఆ ఇంటికి మరియొక పని కూడా ఉండేది. దక్షిణమునుండి తప్పించుకొని వచ్చే బానిసలకు రాత్రివేళ ఆశ్రయమిచ్చి, తిండి పెట్టి, ఉత్తరదిశగా సాగనంపే రహస్య వ్యవస్థలో అబ్రహాం షాడ్ ఒకడు. బానిసత్వ నిర్మూలన కొరకు విలియం లాయిడ్ గారిసన్ నడిపిన ‘లిబరేటర్’ అను పత్రికకు ఆయన ఏజంటుగా కూడా పని చేశాడు. అనగా చందాలు కట్టించుట, పత్రికను పంచుట చిన్ననాటినుండే ఆ పిల్ల కండ్ల ఎదుట జరిగిన పనులు. పత్రిక అనేది ఎక్కడో పట్టణములో పెద్దలు నడుపుకొనే వస్తువు కాదనియు, చెప్పులు కుట్టే మనిషి కూడా దానికి చేయి వేయవచ్చుననియు ఆమె ఇంటిలోనే నేర్చుకున్నది.

నల్లవారి పిల్లలకు చదువు చెప్పించుట డెలావేర్‌లో కష్టమైనందున ఆ కుటుంబము 1833లో పెన్సిల్వేనియా రాష్ట్రములోని వెస్ట్ చెస్టర్‌కు తరలివెళ్లింది. అచ్చట క్వేకర్ల పాఠశాలలో మేరీ ఆన్ చదివింది. చదువు ముగిసిన తరువాత, యౌవనములోనే, తిరిగి విల్మింగ్టన్ వెళ్లి నల్లవారి పిల్లలకు పాఠశాల పెట్టింది. ఆ తరువాత నోరిస్‌టౌన్, ట్రెంటన్, న్యూయార్క్ పట్టణములలో ఉపాధ్యాయినిగా పని చేసింది.

ఆమె కలము పదును 1849లోనే బయటపడింది. ఫ్రెడరిక్ డగ్లస్ నడిపిన ‘నార్త్ స్టార్’ పత్రికకు ఆమె ఒక లేఖ వ్రాసింది. నల్లవారి సమావేశములు తీర్మానములతోనే ముగుస్తున్నాయనియు, మాటలు తగ్గించి పని ఎక్కువ చేయవలెననియు ఆ లేఖ సారాంశము. అదే సంవత్సరము ఒక చిన్న పుస్తకము ప్రకటించి, తమవారు ఆడంబరములకు డబ్బు వ్యర్థము చేయుటను, బోధకులలో కొందరు ప్రజలను అజ్ఞానములో ఉంచుటను విమర్శించింది. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియైదు, ఇరువదియారు.

వలసకు కారణము

1850వ సంవత్సరము సెప్టెంబరు నెలలో అమెరికా ప్రభుత్వము పారిపోయిన బానిసల చట్టమును అమలులోనికి తెచ్చింది. ఆ చట్టము ప్రకారము, తప్పించుకొని ఉత్తర రాష్ట్రములకు చేరినవారిని కూడా పట్టి యజమానికి అప్పగించవలెను. పట్టుబడిన మనిషి తన పక్షమున సాక్ష్యము చెప్పుకొనుటకు వీలులేదు, జ్యూరీ విచారణ లేదు. వారికి సహాయము చేసినవారికి వేయి డాలర్ల జుల్మానా, ఆరు నెలల జైలు. విచారించే కమీషనరుకు, మనిషిని బానిసత్వమునకు పంపితే పది డాలర్లు, విడుదల చేస్తే అయిదు డాలర్లు రుసుము. న్యాయము ఏ వైపు మొగ్గునో చెప్పనక్కరలేదు. పుట్టుకతో స్వతంత్రులైన నల్లవారు కూడా, ఎవడో ఒకడు వీడు నా బానిస అని ప్రమాణము చేస్తే చాలు, ప్రమాదములో పడేవారు.

నదికి ఆవలి ఒడ్డున ఉన్నది కెనడా. అది బ్రిటిషు పాలనలోని దేశము. బ్రిటిషు సామ్రాజ్యములో అనేక ప్రాంతములందు బానిసత్వము 1834 ఆగస్టు 1వ తేదీతో చట్టరీత్యా రద్దయినది, వాటిలో కెనడా కూడా ఒకటి. డెట్రాయిట్ పట్టణమునుండి పడవ ఎక్కి నది దాటితే విండ్సర్. ఆనాడు ఆ ప్రాంతమును పశ్చిమ కెనడా అనేవారు, నేడు అది ఒంటారియో రాష్ట్రము. ఆ దారిన వేలాదిమంది వలసపోయారు. 1851లో మేరీ ఆన్ షాడ్ కూడా విండ్సర్ చేరింది. ఒంటరి స్త్రీ. చేతిలో ఉన్న ఆస్తి చదువు ఒక్కటే.

పాఠశాలయు విరాళముల తగవును

విండ్సర్‌లో పాత సైనిక బారకులలో వలసవచ్చిన కుటుంబములు తలదాచుకొని ఉండేవి. అందులోనే ఆమె పాఠశాల ప్రారంభించింది. పగలు పిల్లలు, రాత్రి పెద్దలు. తన పాఠశాల నల్లవారికి మాత్రమే అని ఆమె ఎన్నడూ బోర్డు పెట్టలేదు, ఎవరు వచ్చినా చేర్చుకొనేది. తల్లిదండ్రులు ఇచ్చే ఫీజు చాలనందున అమెరికన్ మిషనరీ అసోసియేషన్ కొంత వేతనము మంజూరు చేసింది.

ఆ దినములలో ఆ ప్రాంతమున నల్లవారి నాయకుడు హెన్రీ బిబ్. ఆయన స్వయముగా బానిసత్వమునుండి తప్పించుకొని వచ్చినవాడు. 1851 జనవరినుండి ‘వాయిస్ ఆఫ్ ది ఫ్యుజిటివ్’ అను పత్రికను నడుపుతున్నాడు. ఆయన భార్య మేరీ బిబ్ కూడా ఉపాధ్యాయినియే. వీరికిని షాడ్‌కును రెండు విషయములలో తీవ్రమైన అభిప్రాయభేదము వచ్చింది.

మొదటిది పాఠశాలల సంగతి. 1850లో చేయబడిన చట్టము నల్లవారికి వేరు పాఠశాలలు ఏర్పరచుటకు వీలు కల్పించింది. నిన్న మొన్న సంకెళ్లు తెంచుకొని వచ్చినవారికి తమవారి మధ్యనే చదువు చెప్పుట మేలని బిబ్ దంపతుల తలంపు. వేరుగా కూర్చుండుట అలవాటైతే అది శాశ్వతమైపోవునని షాడ్ వాదన. ఈ మాటను ఆమె ఆలయముల విషయములో కూడా చెప్పింది. నల్లవారికొరకు వేరు సంఘములు స్థాపించుట, తాము ఏ విభజనను ఖండిస్తున్నారో దానినే తమ చేతులతో కట్టుట అవుతుందని ఆమె వ్రాసింది.

రెండవది విరాళముల సంగతి. తప్పించుకొని వచ్చినవారికి భూములు కొనిపెట్టుటకు రెఫ్యూజీ హోమ్ సొసైటీ అను సంస్థ ఏర్పడింది. దాని ఏజంట్లు ఊరూర తిరిగి, ఆకలి, చలి, గుడిసెలు అని వర్ణించి చందాలు వసూలు చేసేవారు. ఈ వసూళ్లలో ఎంత భాగము నిజముగా బీదలకు చేరుతున్నదని షాడ్ బహిరంగముగా ప్రశ్నించింది. పని చేసుకొని బ్రతుకగల మనుష్యులను బిచ్చగాండ్రుగా లోకమునకు చూపుట వారికి చేసే మేలు కాదని వాదించింది. ప్రభుత్వమువద్దనే భూమి నేరుగా కొనుక్కొను అవకాశము ఉన్నదని చూపింది.

1853 ఆరంభములో మిషనరీ సొసైటీ ఆమె వేతనము నిలిపివేసింది. ఆమె విశ్వాసాభిప్రాయములు తమ సొసైటీకి సరిపడలేదని వారు చెప్పిన కారణము. అసలు కారణము బిబ్ పక్షముతో వచ్చిన తగవేనని ఆమె నమ్మింది. పాఠశాల మూతపడింది.

ఇందులో ఎవరిది న్యాయము అని మమ్ములను అడిగితే, మేము ఒక పక్షమునే సమర్థించలేము. బిబ్ అనుభవించిన బానిసత్వము షాడ్ ఎరుగదు. చేతిలో ఏమియు లేక నది దాటినవానికి మొదటి చలికాలములో దుప్పటి కావలెను, సిద్ధాంతము తరువాత. హెన్రీ బిబ్ 1854లో నలువది యేండ్లు నిండకుండానే మరణించాడు, ఆయన సేవను తక్కువ చేయరాదు. అయినను, లెక్క చూపుమని అడిగిన ఉపాధ్యాయిని జీతము పోవుట మంచి సంప్రదాయము కాదని మాత్రము నిస్సంకోచముగా చెప్పగలము. ధర్మనిధులు సేకరించే ప్రతి సంస్థయు, మన సంఘములతో సహా, జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇది.

పత్రిక పుట్టుట

ఇంతకు ముందే, 1852లో, ఆమె ‘ఎ ప్లీ ఫర్ ఎమిగ్రేషన్’ అను 44 పుటల పుస్తకమును డెట్రాయిట్‌లో అచ్చు వేయించింది. కెనడా వాతావరణము ఎట్టిది, ఏ పంటలు పండును, భూమి ధర ఎంత, ఏ పనికి ఎంత కూలి, బడులు, ఆలయములు, ఓటు హక్కు ఎట్లున్నవి అన్న వివరములు అందులో ఉన్నాయి. వలసపోదలచిన కుటుంబమునకు ముందుగా కావలసినది ఇట్టి సమాచారమే.

ఒక పుస్తకము ఒక్కసారి మాట్లాడి ఊరకుండును. ప్రతి వారము మాట్లాడవలెనంటే పత్రిక కావలెను. ఉన్న ఒక్క పత్రిక ఎదుటి పక్షము చేతిలో ఉన్నది. కనుక ఆమె తానే పత్రిక పెట్ట నిశ్చయించింది. 1853 మార్చి 24వ తేదీన విండ్సర్‌లో ‘ప్రొవిన్షియల్ ఫ్రీమన్’ మొదటి సంచిక వెలువడింది. స్వావలంబనయే స్వాతంత్ర్యమునకు దారి అను భావముగల నినాదమును ఆ పత్రిక స్వీకరించింది.

అయితే సంపాదకుని పేరుగా అచ్చు వేయబడినది శామ్యుల్ రింగోల్డ్ వార్డ్ అను పాదిరి పేరు. ఆయన బానిసత్వములో పుట్టి, చదువుకొని, గొప్ప వక్తగా పేరొందినవాడు. తోడుగా అలెగ్జాండర్ మెక్‌ఆర్థర్ అను మరియొక పాదిరి పేరు. వార్డ్ కొద్ది దినములకే విరాళముల సేకరణకు ఇంగ్లండు వెళ్లిపోయాడు. వ్యాసములు వ్రాయుట, ఉత్తరములకు జవాబులిచ్చుట, చందాలు పోగుచేయుట, అచ్చుకూలి కట్టుట అన్నీ షాడ్ చేసినవే. స్త్రీ నడిపే పత్రికను ఎవరు కొందురు అన్న భయము ఆనాడు అట్టిది. ఆమె పేరు మొదటి అక్షరములతో ‘ఎం. ఎ. షాడ్’ అని మాత్రమే కనిపించేది. చదువరులలో చాలమంది అది పురుషుడే అనుకొని అయ్యా అని సంబోధించి ఉత్తరములు వ్రాసేవారు. తుదకు 1854లో, అట్లు సంబోధించవద్దని, తాను స్త్రీనని ఆమె పత్రికలోనే తెలియజేసింది.

మొదటి సంచికకును, పత్రిక క్రమముగా వారపత్రికగా వెలువడుటకును మధ్య పూర్తిగా ఒక సంవత్సరము గడిచింది. ఆ సంవత్సరమంతా ఆమె ఊరూర తిరిగి ఉపన్యాసములిచ్చి చందాదారులను చేర్చింది. ముందు చదువరులను సంపాదించి, పిమ్మట పత్రిక నడుపుట ఆమె పద్ధతి. 1854 మార్చి 25నుండి పత్రిక టొరంటోలో ప్రతి వారము వెలువడసాగింది. 1855లో అది చాథమ్ పట్టణమునకు మారింది. చాథమ్‌లోను పరిసరములలోను నల్లజాతి వలసవారు అధికముగా స్థిరపడి ఉండుటచేత, చదువరుల మధ్యకే పత్రికను తీసుకొనివెళ్లినట్లయింది.

పత్రిక నడుపుట ఎంత కష్టమో సంఘ మాసపత్రికలు నడిపినవారికి తెలుసు. చందా వాగ్దానము చేయువారు పదిమంది, కట్టువారు ముగ్గురు. కాగితము, సిరా, అక్షరములు కూర్చే పనివారి కూలి మాత్రము ఆగవు. ఆమె తమ్ముడు ఐజక్ షాడ్ ప్రచురణ బాధ్యతలు తీసుకున్నాడు. చెల్లెలు అమీలియా కార్యాలయమును చూచుకొనేది. ఆ సమయములో మేరీ ఆన్ చందాల కొరకు అమెరికాలోని ఉత్తర రాష్ట్రములలో పర్యటించేది. పుట్టిన దేశమే అయినను, పారిపోయిన బానిసల చట్టము అమలులో ఉన్న నేలమీద నల్లజాతి స్త్రీ ఒంటరిగా ప్రయాణము చేయుట అపాయకరమైన పని.

ఒక స్త్రీ సంపాదకత్వముపై సణుగుడు ఆగకపోవుటచేత, 1855 మధ్యలో విలియం న్యూమన్ అను బాప్టిస్టు పాదిరి పేరును సంపాదకునిగా ప్రకటించి ఆమె ప్రక్కకు తప్పుకున్నది. సెలవు తీసుకొనుచు, నల్లజాతి స్త్రీలకు ఈ రంగములో దారి తెరిచామన్న తృప్తి మాత్రము చాటుకున్నది. అయితే పనినుండి తప్పుకొనలేదు. 1856లో ఆమె పేరు మరల, ఈసారి బహిరంగముగా, ఐజక్ షాడ్, ఎచ్. ఫోర్డ్ డగ్లస్ అను ఇరువురి పేర్లతో కలిసి సంపాదకుల వరుసలో నిలిచింది.

1855 అక్టోబరులో ఫిలడెల్ఫియాలో నల్లవారి జాతీయ సమావేశము జరిగింది. స్త్రీని ప్రతినిధిగా కూర్చుండనీయవచ్చునా అని పెద్ద చర్చ జరిగి, ఓటింగు పెట్టిన తరువాతనే ఆమెను చేర్చుకున్నారు. ఆమె లేచి మాట్లాడిన తరువాత, ఇచ్చిన సమయము చాలలేదని సభవారే మరికొంత సమయము ఇచ్చిరి. బానిసత్వమును ఎదిరించే సభలో కూడా స్త్రీకి తలుపు సులభముగా తెరవబడలేదన్నది గమనింపదగిన సంగతి.

కుటుంబము, యుద్ధము

1856 జనవరిలో ఆమె థామస్ కేరీ అను టొరంటో నివాసిని వివాహము చేసికొన్నది. ఆయన క్షౌరశాల నడుపుకొనే వ్యాపారి, పత్రికకు తోడ్పడినవాడు. వారికి ఒక కుమార్తె, ఒక కుమారుడు. పెండ్లియైన పిమ్మట కూడా ఆమె చాథమ్‌లో పత్రిక పని, ఆయన టొరంటోలో తన వ్యాపారము సాగించారు. 1857లో వచ్చిన ఆర్థికమాంద్యము పత్రికను బాగుగా దెబ్బతీసింది. తరువాత అప్పుడప్పుడు వెలువడి, 1860 నాటికి అది ఆగిపోయింది. అదే సంవత్సరము థామస్ కేరీ మరణించాడు. ముప్పదియేడేండ్ల వయస్సున ఆమె విధవరాలైనది.

పత్రిక ఆగినా దాని ఫలము ఆగలేదు. 1858 మే నెలలో జాన్ బ్రౌన్ బానిసత్వముపై తిరుగుబాటు కొరకు చాథమ్‌లో రహస్య సమావేశము జరిపాడు. ప్రొవిన్షియల్ ఫ్రీమన్ ముద్రణాలయములో పని చేసిన ఆస్‌బర్న్ ఆండర్సన్ ఆయన వెంట హార్పర్స్ ఫెర్రీ వెళ్లి, 1859లో జరిగిన ఆ దాడిలో ప్రాణములతో బయటపడిన కొద్దిమందిలో ఒకడయ్యాడు. అతడు వ్రాసిన వృత్తాంతము 1861లో అచ్చగుటకు షాడ్ కేరీ తోడ్పడింది.

అంతర్యుద్ధకాలములో, 1863లో, మార్టిన్ డెలనీ కోరికపై ఆమె అమెరికాకు వెళ్లి నల్లజాతి యువకులను ఉత్తర సైన్యములో చేర్చే పని చేపట్టింది. ఇండియానా రాష్ట్రపు గవర్నరు ఆమెకు అందుకై అధికారపత్రము ఇచ్చాడు. స్త్రీకి ఇట్టి బాధ్యత అప్పగించుట ఆనాడు అపురూపము.

అరువదియవ ఏట పట్టా

యుద్ధానంతరము ఆమె వాషింగ్టన్ నగరములో స్థిరపడి, పాఠశాలలో ఉపాధ్యాయినిగాను, తరువాత ప్రధానోపాధ్యాయినిగాను పని చేసింది. ఫ్రెడరిక్ డగ్లస్ పత్రికకు వ్యాసములు వ్రాసేది. 1869లో హోవర్డ్ విశ్వవిద్యాలయములో న్యాయశాస్త్ర విభాగము ప్రారంభమైనప్పుడు అందులో చేరింది. పగలు బడి, సాయంకాలము చదువు, ఇంటిలో పిల్లలు. నడుమ అవరోధములు కలిగి చదువు నిలిచినను విడిచిపెట్టక, 1883లో న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నది. అప్పటికి ఆమెకు ఇంచుమించు అరువది యేండ్లు.

స్త్రీల ఓటు హక్కు కొరకు కూడా ఆమె పోరాడింది. 1871లో వాషింగ్టన్‌లో ఓటర్లుగా నమోదు చేయించుకొనుటకు ప్రయత్నించిన స్త్రీలలో ఆమె ఒకతె. 1878లో జాతీయ స్త్రీ ఓటుహక్కు సంఘపు మహాసభలో ప్రసంగించింది. 1880లో నల్లజాతి స్త్రీల ఓటుహక్కు సంఘమును ఏర్పరచింది. 1893 జూన్ 5వ తేదీన ఆమె మరణించింది. అమెరికా స్త్రీలకు రాజ్యాంగ సవరణ ద్వారా ఓటు హక్కు వచ్చినది 1920లో. ఆమె కోరిన దినమును ఆమె చూడలేదు.

గుర్తింపు ఆలస్యముగా వచ్చింది. వాషింగ్టన్‌లో ఆమె నివసించిన ఇంటిని అమెరికా ప్రభుత్వము 1976లో జాతీయ చారిత్రక స్థలముగా ప్రకటించింది. కెనడా ప్రభుత్వము 1994లో ఆమెను జాతీయ చారిత్రక ప్రాముఖ్యము గల వ్యక్తిగా గుర్తించింది. 2024లో కెనడా తపాలాశాఖ ఆమె చిత్రముతో తపాలాబిళ్ల విడుదల చేసింది.

మనకు మిగులునది

ఆమె పత్రిక లాభము గడించలేదు. ఏడు సంవత్సరములు నడిచి ఆగిపోయింది. వ్యాపార దృష్టితో చూచువారు దానిని నష్టమనియే వ్రాసుకొందురు. ఆమె స్వభావము కూడా మృదువైనది కాదు, తన పక్షమువారినే నొప్పించిన సందర్భములు కలవు. మేము ఆమెను పరిశుద్ధురాలిగా చిత్రింప నెంచలేదు.

అయినను ఒక సంగతి ఆలోచింపదగినది. ఆమెకు సహాయము చేసినవారిలో పాదిరులు ఉన్నారు. జీతము తీసివేసినవారును మిషనువారే. పేరు అరువిచ్చిన పాదిరులు మంచి ఉద్దేశముతోనే ఇచ్చి యుండవచ్చును. కాని పని ఒకరిది, పేరు మరియొకరిది అయినప్పుడు, ఆ పేరు ఎవరిదో వారి పిల్లలకే చరిత్ర చేరును. తమ పేరు వెనుక మరియొకరి శ్రమ ఉన్నదని చెప్పుట ఆ పాదిరుల వంతు, నేడు అది మా వంటి కాపరుల వంతు.

మన సంఘములలోను బైబిలు స్త్రీలుగా పల్లెలు తిరిగినవారు, బడులలో అక్షరములు దిద్దించినవారు, పిడికెడు బియ్యము పోగుచేసి ఆలయపు గోడలు లేపినవారు ఉన్నారు. వారి పేర్లు మినిట్సు పుస్తకములలో తరచు దొరకవు. అయితే వారిని ఎరిగిన వృద్ధులు ఇంకను మన మధ్య కొందరు ఉన్నారు. ప్రతి సంఘమువారు ఈ సంవత్సరములోనే ఆ వృద్ధులను కలిసి, ఆ స్త్రీల పేర్లను, వారు చేసిన పనిని, వీలైనంతవరకు సంవత్సరములతో సహా వ్రాసి పెట్టుకొనవలెనని మేము మనవి చేస్తున్నాము. రెండవ శతాబ్దపు సంచిక వ్రాయువారికి ఆ పుస్తకము కావలసి యుంటుంది.